మూట కట్టాల్సినవి, విడిగా ఉంచాల్సినవి

ఇంట్లో లినక్స్ వాడేది మీరొక్కరే. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మాత్రం అందరిదీ. చెల్లెలి పెళ్లి వీడియోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సినిమాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఎప్పుడో ఎవరో విండోస్ కంప్యూటర్‌కు తగిలించి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేశారు. దాన్ని తుడిచి, లినక్స్ సొంత పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4లోకి మార్చుకోమని తెలిసినవాళ్లు చెబుతారు. సలహా సరైనదే, మీ ఒక్కరికే కొత్త డిస్క్ కొనుక్కోగలిగితే ఇప్పటికీ నేను ముందు చెప్పేది అదే. కానీ చాలా ఇళ్లలో ఆ డిస్క్ ఒక్కటే ఉంటుంది, దాన్ని తుడవడం కుదరదు. అలాంటి ఇళ్లలో బ్యాకప్ పని వాయిదా పడుతూ పోతుంది. "కొత్తది కొన్నాక చేద్దాం" అనుకుంటూ మూడేళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. ఉన్న డిస్క్‌తోనే, ఉన్న ఫార్మాట్‌తోనే, ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. కొన్నేళ్ల కిందట నా ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ కటకటమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. కంగారులో హోమ్ ఫోల్డర్ తెరిచి, కంట్రోల్, ఎ మీటలు కలిపి నొక్కి, కనిపించినదంతా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి లాగేశాను. రెండు గంటలు పట్టింది. అంతా క్షేమమనుకుని నిశ్చింతగా కొత్త డిస్క్ వేయించి, ఉబుంటు మళ్లీ ఎక్కించి, దాచినదంతా వెనక్కి తెచ్చుకున్నాను. ఉత్తరాలు చూద్దామని థండర్‌బర్డ్ తెరిస్తే కొత్తవాణ్ణి పలకరించినట్టు ఖాతా వివరాలు ఇవ్వమంది. సర్వర్‌లో ఉంచకుండా ఉత్తరాలన్నీ నా కంప్యూటర్‌లోకే దించుకునే అలవాటు నాది. తొమ్మిదేళ్ల ఉత్తరాలు పోయాయి. అందులో మా గురువుగారు రాసినవీ ఉన్నాయి, ఆయన ఇప్పుడు లేరు.

ఏం జరిగిందంటే, లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేరున్న ఫైళ్లూ ఫోల్డర్లూ మామూలుగా కనిపించవు. కనిపించనివి కంట్రోల్-ఎకు కూడా చిక్కవు. థండర్‌బర్డ్ ఉత్తరాలు అలాంటి ఒక చుక్క ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు, ఎస్ఎస్‌హెచ్ తాళంచెవులు, దాదాపు ప్రతి ప్రోగ్రామ్ అమరికలూ అంతే. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్-హెచ్ నొక్కితే ఇవన్నీ బయటపడతాయి. ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే ఒకసారి నొక్కి చూడండి. మీ హోమ్ ఫోల్డర్‌లో ఇన్ని ఉన్నాయా అని ఆశ్చర్యపోతారు.

నాకు రెండో దెబ్బ కూడా తగిలింది. ఎస్ఎస్‌హెచ్ తాళంచెవి ఫైలును అంతకు ముందే ఒకసారి విడిగా ఆ డ్రైవ్‌లో దాచి ఉంచాను. దాన్ని తెచ్చి యథాస్థానంలో పెట్టినా పని చేయలేదు. ఈ తాళంచెవిని అందరూ చదవగలిగేలా ఉంది, కాబట్టి వాడను అని ఎస్ఎస్‌హెచ్ మొండికేసింది. ఫైలులో ఒక్క అక్షరం మారలేదు. మారింది దాని మీద ఉండే చీటీ.

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ అలాంటి చీటీ ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. యజమాని ఎవరు, ఏ గుంపుది, యజమానీ ఆ గుంపూ ఇతరులూ దాన్ని చదవచ్చా, దిద్దవచ్చా, ప్రోగ్రామ్‌లా నడపవచ్చా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఈ చీటీ రాసుకునే చోటే లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు తనదైన అనుమతుల పద్ధతి ఉంది, కానీ మామూలుగా డ్రైవ్ తగిలించినప్పుడు లినక్స్ తన చీటీలను అందులోకి ఎక్కించదు. అందుకే ఆ డ్రైవ్‌లోకి చేరిన ప్రతి ఫైలూ ఒకే యజమానితో, ఒకే అనుమతితో కనబడుతుంది. వెనక్కి తెచ్చుకుంటే ఆ మూస అనుమతితోనే వస్తుంది. ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు దారి చూపే సింబాలిక్ లింకులకైతే ఎక్స్‌ఫ్యాట్‌లో అసలు చోటే లేదు.

ఇల్లు మారేటప్పుడు గిన్నెలూ బిందెలూ లారీలో విడిగా వేసినా కొత్త ఇంటికి చేరతాయి. పోపుల డబ్బాను అలా వేయలేం. మూత బిగించి, గుడ్డ చుట్టి, ముడి వేయాలి. లేకపోతే డబ్బా చేరుతుంది, ఆవాలూ జీలకర్రా మెంతులూ ఏకమైపోయి చేరతాయి. ఏదీ పోలేదు, కానీ వంటకు పనికిరాదు. హోమ్ ఫోల్డర్‌లోనూ ఈ రెండు రకాలూ ఉంటాయి. వాటిని ముందే విడదీసుకుంటే మిగతా పనంతా తేలిక.

మొదటి కుప్ప: ఫొటోలు, వీడియోలు, పాటలు, పీడీఎఫ్‌లు, లిబ్రేఆఫీస్‌లో రాసుకున్నవి. వీటికి చీటీ మారినా నష్టం లేదు. వీటిని విడిగానే ఉంచండి. రేపు మీ కంప్యూటర్ పాడై, ఊళ్లో అన్నయ్యగారి విండోస్ కంప్యూటర్ మీదే ఆధారపడాల్సి వస్తే ఆ డిస్క్ తగిలించగానే ఇవి తెరుచుకుంటాయి. విండోస్ ఫార్మాట్‌లో ఉన్న డిస్క్ వల్ల మనకు కలిగే పెద్ద లాభం ఇదే, దాన్ని పోగొట్టుకోకూడదు. రెండో కుప్ప: చుక్కతో మొదలయ్యేవన్నీ, మీరు రాసుకున్న స్క్రిప్టులు, ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులు, వీటితో పాటు హోమ్ బయట సిస్టమ్ అమరికలుండే ఈటీసీ ఫోల్డర్. ఇవి మూటలోనే వెళ్లాలి.

పని మొదలుపెట్టే ముందు మీ డ్రైవ్ ఏ పద్ధతిలో ఉందో చూడండి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండు కొట్టి, చిన్న గీత పెట్టి ఎఫ్ చేరిస్తే ప్రతి డిస్క్ పక్కనా దాని పద్ధతి పేరు కనబడుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. లినక్స్ నుంచి దాని మీద రాయడానికి ఒకప్పుడు భయపడేవాళ్లం. 2007లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ నిలకడైన రూపంలో వచ్చాక ఆ భయం తగ్గింది. 2021లో 5.15 వెర్షన్‌తో కెర్నెల్‌లోకే మరో డ్రైవర్ చేరింది. ఎక్స్‌ఫ్యాట్ వివరాలను మైక్రోసాఫ్ట్ 2019లో బయటపెట్టింది, ఆ ఏడే అది కెర్నెల్‌లో అడుగుపెట్టింది. ఈ రెండింటిలో ఏదైనా మన పనికి సరిపోతుంది. పాత పెన్‌డ్రైవ్‌లలో కనిపించే ఫ్యాట్32తోనే ఇబ్బంది. ఒక్కో ఫైలు 4 జీబీకి లోపే ఉండాలి. పెద్ద మూటను స్ప్లిట్ కమాండుతో ముక్కలు చేసి దాచవచ్చు గానీ, తప్పనిసరైతే తప్ప ఆ దారి పట్టకండి.

విడి కుప్ప కోసం ఆర్‌సింక్ వాడండి. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో తెచ్చిన ఈ ప్రోగ్రామ్ మారిన ఫైళ్లను మాత్రమే చేరవేస్తుంది. మొదటిసారి గంటలు పట్టినా తర్వాతి వారాల్లో నిమిషాల్లో ముగుస్తుంది. ఎక్కడ చూసినా దీనికి ఎ అనే ఆప్షన్ ఇవ్వమంటారు. ఎ అంటే చీటీతో సహా అంతా కాపాడమని అర్థం. మన డ్రైవ్‌కు అది చేతకాదు కాబట్టి యజమానిని మార్చలేకపోయానంటూ తెర నిండా తప్పుల వరుస కడుతుంది, చూసినవాళ్లు బ్యాకప్ చెడిందని బెంబేలెత్తుతారు. ఎకు బదులు ఆర్, టీ, వీ ఇవ్వండి. ఆర్ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, టీ అంటే ఫైలు మారిన వేళను కాపాడమని, వీ అంటే చేస్తున్నది చూపించమని. ఆ టీని మరిచిపోకండి. ఏ ఫైలు మారిందో ఆర్‌సింక్ పోల్చుకునేది ఆ వేళతోనూ సైజుతోనూ. ఫ్యాట్32 వేళను 2 సెకన్ల మెట్టుతో రాస్తుంది కాబట్టి, అలాంటి డ్రైవ్ అయితే మాడిఫై-విండో అనే ఆప్షన్‌కు 1 ఇవ్వాలి. లేకపోతే మారని ఫైళ్లు కూడా ప్రతి వారం మళ్లీ మళ్లీ కాపీ అవుతాయి. మొదటిసారి ఎన్ అక్షరం కూడా చేర్చి నడపండి. ఏమీ రాయకుండా, ఏం చేయబోతోందో చూపించి ఆగుతుంది.

డిలీట్ అనే ఆప్షన్ మాత్రం వద్దు. కంప్యూటర్‌లో లేనివాటిని డ్రైవ్‌లోనూ తీసేయమని దాని అర్థం. మంగళవారం పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపి, ఆ సంగతి గమనించకుండా ఆదివారం బ్యాకప్ నడిపితే రెండో కాపీ కూడా మన చేత్తోనే పోతుంది. డ్రైవ్ కాస్త నిండితే నిండనివ్వండి.

ఫైళ్ల పేర్ల గురించి కూడా చెప్పాలి. లినక్స్ పేరులో ముందుకు వాలిన గీత తప్ప దాదాపు ఏ గుర్తునైనా ఒప్పుకుంటుంది. విండోస్ కోలన్‌ను, ప్రశ్నార్థకాన్ని, నక్షత్రాన్ని, కోట్ గుర్తును ఒప్పుకోదు. "సమావేశం 10:30" అని పేరు పెట్టిన ఫైలును ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ తీసుకోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి కొన్నిసార్లు వెళ్తుంది కానీ విండోస్‌లో తెరుచుకోదు. ఇంగ్లిష్ పేర్లలో పెద్ద బడి, చిన్న బడి తేడాను కూడా ఎక్స్‌ఫ్యాట్ పట్టించుకోదు. ఆ తేడా తప్ప వేరే తేడా లేని రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంటే ఒకదాని మీద ఒకటి పడతాయి.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు గమనించాల్సింది మరొకటి ఉంది. ఈఎక్స్‌టీ4లో పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు. "కృష్ణా" అన్న చిన్న మాటకే 18 బైట్లు అవుతాయి. అంటే మనకు దక్కేది 85 గుర్తులే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాత్రం అలాంటివి 255 పడతాయి. ఈఎక్స్‌టీ4 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి వెళ్లడానికి పేరు పొడవు అడ్డురాదు. కానీ విండోస్‌లో పొడుగాటి వ్యాసం శీర్షికనే పేరుగా పెట్టి దాచిన ఫైలును లినక్స్‌లోకి తెచ్చేటప్పుడు, పేరు మరీ పొడవైందంటూ కాపీ ఆగిపోతుంది. పేరు కుదిస్తే సరి.

ఇక మూట. దానికి టార్‌ను మించినది నాకు కనబడలేదు. 1979 నాటి యూనిక్స్‌లో, టేపుల మీద దాచుకునే రోజుల్లో పుట్టింది. ఫోల్డర్ మొత్తాన్ని, ప్రతి ఫైలు చీటీతోనూ లింకులతోనూ సహా, ఒకే ఫైలుగా కట్టేస్తుంది. బయటి నుంచి చూసే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు అది మామూలు ఫైలు. లోపల ఎవరు యజమాని, ఎవరికి అనుమతి అన్న గొడవ దానికి అక్కర్లేదు. విప్పేటప్పుడు ఎవరి చీటీ వారికి తిరిగి వస్తుంది.

సి, జెడ్, ఎఫ్ అనే మూడు అక్షరాలిస్తే మూట తయారవుతుంది. సి అంటే కట్టు, జెడ్ అంటే కుదించు, ఎఫ్ అంటే ఈ పేరున్న ఫైలులోకి. మూట పేరులో తేదీ ఉండాలి, ఏడాది ముందు, తర్వాత నెల, రోజు. అలా పెడితే జాబితాలో వరుస తప్పదు. ఈటీసీ ఫోల్డర్‌ను కట్టేటప్పుడు ముందు సుడో చేర్చాలి, లేకపోతే కొన్ని ఫైళ్లను చదవనివ్వదు. చుక్క క్యాచీ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూడ్ ఆప్షన్‌తో వదిలేయండి, అది మళ్లీ తయారయ్యే చెత్తే. అయితే ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలోనే వస్తోంది, దాని బుక్‌మార్కులు హోమ్‌లోని స్నాప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. దానికి ముందు చుక్క ఉండదు కాబట్టి విడిగా గుర్తుపెట్టుకుని మూటలో చేర్చాలి. మూట కట్టేముందు థండర్‌బర్డ్, ఫైర్‌ఫాక్స్ మూసేయండి. రాస్తుండగా కాపీ చేసిన డేటాబేసు సగం పాతదీ సగం కొత్తదీ అయి కూర్చుంటుంది.

మూటకు ఒక బలహీనత ఉంది, దాచకుండా చెప్పాలి. జెడ్‌తో కుదించిన ఫైలు మధ్యలో ఎక్కడ చెడినా ఆ తర్వాతి భాగం మొత్తం చేజారవచ్చు. అందుకే అన్నింటినీ కలిపి ఒకే బండమూట కట్టకండి. ఉత్తరాలకు ఒకటి, అమరికలకు ఒకటి, ప్రాజెక్టులకు ఒకటి చాలు. కొత్తది కట్టగానే పాతది చెరపకుండా కనీసం నాలుగు వారాలవి ఉంచండి. ఇంటిల్లిపాదీ వాడే డ్రైవ్ కాబట్టి తాళంచెవులున్న మూటను జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి దాచడం మంచిది. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే దారి ఏదీ ఉండదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

కమాండుల జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు డేజా డూప్ ఉంది. అది ఫైళ్లను తానే మూటలుగా కట్టి దాస్తుంది కాబట్టి డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా పేచీ పెట్టదు. రెస్టిక్, బోర్గ్ కూడా అదే దారిలో నడుస్తాయి, అనుభవం వచ్చాక చూడండి. టైమ్‌షిఫ్ట్‌తో మాత్రం చాలామంది పొరబడుతున్నారు. అది సిస్టమ్‌ను వెనక్కి తిప్పడానికి చేసిన పనిముట్టు, మీరు చెప్పకపోతే హోమ్‌లోని ఫైళ్లను ముట్టుకోదు. దానికి లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కే కావాలి. టైమ్‌షిఫ్ట్ నడుస్తోంది కదా అని నిశ్చింతగా ఉన్న స్నేహితుడికి ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

ప్రోగ్రాములను దాచాల్సిన పని లేదు, మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఉబుంటు, డెబియన్‌లలో ఏపీటీ-మార్క్ కమాండుకు షోమాన్యువల్ అన్న మాట చేర్చితే మీరు కోరి ఎక్కించినవాటి జాబితా వస్తుంది. దాన్ని మూటలో పెడితే చాలు. క్రాన్‌తో వేళకు నడిచేలా పెట్టుకున్న పనుల జాబితా మాత్రం హోమ్‌లో ఉండదు, సిస్టమ్ ఫోల్డర్లలో ఉంటుంది. దాన్ని కూడా ఒక ఫైలులోకి రాసి చేర్చండి.

డ్రైవ్ తగిలించాక ఒక్కటి తప్పక చూడండి, అది నిజంగా ఎక్కిందా (మౌంట్ అయిందా) లేదా. తగిలించిన డ్రైవ్ ఉబుంటులో మీడియా ఫోల్డర్ కింద, మీ పేరు లోపల తన పేరుతో కనబడుతుంది. అది ఎక్కకుండానే అదే పేరున్న ఖాళీ ఫోల్డర్ అక్కడ మిగిలి ఉంటే, ఈ కమాండులను కలిపి మీరు రాసుకున్న స్క్రిప్టు బ్యాకప్‌ను ఆ ఫోల్డర్‌లోకే పోస్తుంది. అంటే మీ కంప్యూటర్ డిస్క్‌లోకే. బ్యాకప్ అయిందనిపిస్తుంది, మర్నాడు డిస్క్ నిండిపోయిందని హెచ్చరిక వస్తుంది. స్క్రిప్టు మొదట్లోనే మౌంట్‌పాయింట్ కమాండుతో పరీక్షించి, ఎక్కకపోతే ఆగిపొమ్మని రాసుకోండి.

ఒక్కోసారి డ్రైవ్ ఎక్కుతుంది, రాయనివ్వదు. ఎవరో దాన్ని విండోస్‌లో సరిగా తీయకుండా లాగేసి ఉంటారు. బలవంతంగా రాయించే దారులున్నాయి గానీ ఆ పని చేయకండి, లోపల చెల్లెలి పెళ్లి వీడియోలున్నాయి. మళ్లీ విండోస్‌కే తగిలించి చెక్‌డిస్క్ నడిపి, పద్ధతిగా ఎజెక్ట్ చేయించండి. లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అంతటి మరమ్మతు చేయలేదు. మన వైపు నుంచి కూడా పద్ధతిగానే తీయాలి. కాపీ పూర్తయిందని తెర చెప్పాక కూడా కొంత సరుకు ఇంకా మెమరీలోనే ఉంటుంది. అన్‌మౌంట్ నొక్కి, ఇక తీయవచ్చన్న మాట వచ్చేవరకు కేబుల్ ముట్టుకోకండి.

ఇదంతా చేయడానికి ఒక వేళ కుదరాలి. గుర్తొచ్చినప్పుడు చేద్దామనుకునే పని కంప్యూటర్ పాడైన రోజునే గుర్తొస్తుంది. నేను ఆదివారం పొద్దున పత్రిక అనుబంధం తెరిచేముందు డ్రైవ్ తగిలిస్తాను. చదవడం అయ్యేసరికి మూటలు కట్టడం కూడా అయిపోతుంది. మీకు అలవాటైన పని ఏదో ఒకటి ఉంటుంది, దాని వెనకే దీన్ని పెట్టండి. ఒకే ఇంట్లో ఉన్న రెండు కాపీలను ఒకే దొంగ, ఒకే వాననీరు తీసుకుపోగలవు కాబట్టి సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ముఖ్యమైన మూటలున్న చిన్న డ్రైవ్ ఒకటి అక్కయ్య ఇంట్లో ఇచ్చి, పోయిన ఏటిది తెచ్చుకుంటాను.

నెలకోసారి ఒక మూట విప్పి చూడాలి. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, ఎక్స్, పీ, ఎఫ్ అక్షరాలతో అందులోకి విప్పండి. పీ అంటే చీటీలోని అనుమతులను ఉన్నవున్నట్టు నిలపమని. హోమ్‌లోకే నేరుగా విప్పకండి, ఇప్పటి ఫైళ్ల మీద పాతవి పడతాయి. విప్పాక ఎస్ఎస్‌హెచ్ తాళంచెవి ఫైలు పక్కన యజమానికి తప్ప ఎవరికీ అనుమతి లేదని ఉందా చూడండి. ఉత్తరాల ఫోల్డర్‌లో మూట కట్టిన రోజు దాకా తేదీలు కనబడాలి. ఒక స్క్రిప్టు నడిపి చూడండి. ఇది చేసేవరకు ఆ డ్రైవ్‌లో ఉన్నదాన్ని నేను బ్యాకప్ అనను.

డ్రైవ్ డబ్బా మూతకు లోపలి వైపు ఒక కాగితం అంటించాను. మా ఇంట్లోవాళ్ల కోసం రాసింది. ఫొటోలు, కాగితాలు ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ లేని మూటలను విండోస్‌లో సెవెన్-జిప్‌తో తెరవవచ్చు, పాస్‌వర్డ్ ఉన్నదానికి జీపీజీ కావాలి. పాస్‌వర్డ్ బీరువాలో, బ్యాంకు పుస్తకాల కవరులో. చివరిసారి విప్పి చూసిన తేదీ కింద పెన్సిల్‌తో రాసి ఉంటుంది. పోయిన ఆదివారం ఆ తేదీ చెరిపి కొత్తది వేశాను.